సామాజిక మాధ్యమాలు: యాజమాన్య సమస్య

‘అత్యవసర సేవ’ అనే మాటకు మన దేశంలో విచిత్రమైన చరిత్ర వుంది. ఆ మాట చట్టాల్లోకి ఎక్కింది సేవను ప్రజలకు సవ్యంగా అందించటం కోసం కాదు. ఆ సేవ చేసే చేతుల్ని కట్టివెయ్యటం కోసం. 1960 జులైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు అయిదురోజులపాటు సమ్మె చేసినప్పుడు ‘అత్యవసర సేవల నిర్వహణ’ అనే పేరుతో ఆర్డినెన్సు వచ్చింది. 1968 సెప్టెంబరు 19న వాళ్ళు ఒక్కరోజు సమ్మె చేస్తే మళ్ళీ ఆర్డినెన్సు. ఆ ఏడాది తిరక్కుండానే అది చట్టమయింది. తపాలా, తంతి, టెలిఫోను ఆ జాబితాలో ముందు పీట మీద కూర్చున్నాయి. 1971లో ఆంధ్రప్రదేశ్ తనకంటూ ఒక చట్టం చేసుకుంది. ఆ చట్టాన్నే 2024 జనవరిలో అంగన్‌వాడీ కార్యకర్తల మీద ప్రయోగించారు. వాళ్ళకిచ్చే దాన్ని జీతం అని పిలవటానికి కూడా ప్రభుత్వం ఒప్పుకోదు, ‘గౌరవ వేతనం’ అంటుంది. పైకం ఇవ్వవలసి వచ్చినప్పుడు వాళ్ళు గౌరవ సేవకులు, సమ్మె కట్టినప్పుడు అత్యవసర సేవకులు!

ఈ మాటను ఒకసారి తిరగేసి చూస్తే ఎలా వుంటుంది? ఒక పని ఆగిపోతే సంఘజీవితం ఆగిపోతుందనటం నిజమే అయితే, ఆ పని చేసే కార్మికుడి హక్కుకే గాక ఆ పని మీద లాభం తీసే యజమాని హక్కుకు కూడా హద్దు వుండాలి గదా! కార్మికుడికి పగ్గం వేసిన శాసనం యజమాని దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూగపోతుంది? ఫేస్‌బుక్కు, వాట్సాపు, ఎక్సు, యూట్యూబు వంటి సామాజిక మాధ్యమాలను అత్యవసర సేవగా గుర్తించి ప్రజల యాజమాన్యం కిందికి తేవాలనే వాదం ఇటీవల కొన్ని దేశాలలో వినబడుతున్నది. దాన్ని గూర్చి రాయమని సంపాదకులు కోరినప్పుడు, అమెరికా పుస్తకాల సారాంశం రాయటంకంటె, మా మదనపల్లె ప్రాంతపు అనుభవం నుంచే ఆలోచించటం మేలనిపించింది. నేను అక్కడ చదువుకున్నవాణ్ణి, చాలాకాలం అక్కడే పాఠాలు చెప్పినవాణ్ణి.

ముందుగా ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. కొంతకాలం కిందట మదనపల్లెలో ఒక చిన్న విద్యార్థి గోష్ఠిలో ఈ విషయం మీద మాట్లాడాను. ములకలచెరువు వైపునుంచి వచ్చిన ఒక కుర్రవాడు లేచి, “సార్, కంపెనీవాడు మన మాటలు అమ్ముకుంటాడు, ఒప్పుకుంటాను. సర్కారు చేతికిస్తే గొంతే నొక్కుతారు గదా, దానికేమంటారు?” అని అడిగాడు. వాళ్ళ నాన్న టమాటా రైతు. మార్కెట్టు యార్డులో ఉదయం పలికిన ధర తోట దగ్గర వున్న రైతుకు తెలిసేది ఫోనులోని గుంపు సందేశాల ద్వారానే. ఆ సందేశం వచ్చిందా లేదా అన్నదాన్నిబట్టి ఆ రోజు కాయ కొయ్యాలా, ఒకరోజు ఆగాలా అని తేల్చుకుంటారు. అందువల్ల ఆ ప్రశ్న గోష్ఠి మర్యాదకోసం అడిగింది కాదు. నేనప్పుడు చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ కుర్రవాడికి బాకీ పడిన జవాబు.

మదనపల్లె అనగానే అందరూ చెప్పేది 1919 ఫిబ్రవరి సంగతి. రవీంద్రుడు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చాడు, జనగణమన పాడాడు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు, మార్గరెట్ కజిన్సు స్వరం రాసిపెట్టింది. ఇది వూరికి గర్వకారణమే. అయితే ఆ మార్గరెట్ భర్త జేమ్సు కజిన్సు అనే ఐర్లండు కవి ఈ రాళ్ళసీమ వూరికి ఎందుకు వచ్చిపడ్డాడో సభల్లో ఎవరూ చెప్పరు. నా దృష్టిలో అసలు కథ అదే.

కజిన్సు 1915 చివర మద్రాసుకు వచ్చింది అనిబిసెంటు నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచెయ్యటానికి. మరుసటేడు ఏప్రిల్‌లో డబ్లిన్ నగరంలో తిరుగుబాటు జరిగింది. బ్రిటిషు ప్రభుత్వం నాయకులను వరసగా కాల్చిచంపింది. కజిన్సు వాళ్ళను మెచ్చుకుంటూ పత్రికలో రాశాడు. ఉద్యోగం పోయింది. అప్పుడు ఆమె అతన్ని తాను 1915లో స్థాపించిన మదనపల్లె కళాశాలకు అధ్యాపకుడిగా పంపింది, తరువాత ప్రిన్సిపాలయ్యాడు. బిసెంటు దుర్మార్గురాలా? కాదు. ఆ కాలంలో దేశంలో అంత ధైర్యంగా పత్రిక నడిపినవారు కొద్దిమంది. కాని 1910 ప్రెస్సు చట్టం ఆమె నెత్తిమీద వేళ్ళాడుతున్నది. 1916లోనే ఆమె పత్రికకు 2,000 రూపాయల ధరావతు విధించారు, కొద్ది నెలల్లో దాన్ని జప్తు చేశారు, ఆపైన 10,000 కట్టమన్నారు. 1917 జూన్‌లో ఆమెనే నిర్బంధించారు.

ఈ చిన్న కథలో మన సమస్య మొత్తం ఇమిడివుంది. రచయిత కలం యజమాని చేతిలో, యజమాని ధరావతు ప్రభుత్వం చేతిలో. యజమాని మంచివాడైనంతమాత్రాన మొదటి ముడి వూడదు. ప్రభుత్వం మారినంతమాత్రాన రెండో ముడి వూడదు. ఈ రెండు ముళ్ళనూ ఒకేసారి విప్పగల యాజమాన్యం ఏదైనా వుందా? ఆ కుర్రవాడు అడిగింది నిజానికి ఇదే.

ప్రభుత్వ యాజమాన్యం అనగానే అదేదో సోషలిస్టు పిచ్చి అనేవాళ్ళున్నారు. వాళ్ళకు చరిత్ర తెలియదు. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో టెలిఫోన్లు 1882 నుంచి ప్రైవేటు కంపెనీల చేతిలో వుండేవి. 1943లో వాటిని కొని ప్రభుత్వపరం చేసింది ఏ విప్లవ ప్రభుత్వమూ కాదు, సాక్షాత్తు బ్రిటిషు సర్కారు. యుద్ధం నడుస్తున్నప్పుడు, మాట్లాడే తీగ వాటాదారుల లాభనష్టాల మీద ఆధారపడటం కుదరదని సామ్రాజ్యవాదికి కూడా తెలిసింది. అంతకుముందే, 1930 ఏప్రిల్ 1 నుంచి 1938లో ఆలిండియా రేడియో వచ్చేదాకా, మద్రాసు నగరపాలక సంస్థ సొంతంగా రేడియో నడిపింది. 1924లో కొందరు ఔత్సాహికులు పెట్టిన రేడియో క్లబ్బు డబ్బులేక మూతపడితే, దాని యంత్రాలను నగరపాలక సంస్థ తీసుకుంది. రేడియో కొనలేని జనం వినటానికి బహిరంగ స్థలాల్లో లౌడుస్పీకర్లు పెట్టింది. వీథిదీపం, కుళాయినీళ్ళు, రేడియో మూడూ ఒకే మునిసిపాలిటీ పద్దులో! వాటికి అప్పుడెవరూ పెద్ద సిద్ధాంతం కట్టలేదు.

అయితే స్వతంత్రం వచ్చాక జరిగిందేమిటి? రేడియో కేంద్ర ప్రభుత్వపు శాఖగా మిగిలిపోయింది. ఎమర్జెన్సీలో అది ఏ గొంతుతో మాట్లాడిందో ఆ తరంవాళ్ళు మరిచిపోలేదు. దాన్ని ప్రభుత్వంనుంచి విడదీసి స్వతంత్ర సంస్థగా చెయ్యాలని 1978లో వర్ఘీసు సంఘం చెప్పింది. ప్రసారభారతి చట్టం 1990లో వచ్చింది; అమలుకు రావటానికి 1997 దాకా పట్టింది. మధ్యలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రికెట్టు ఆటను టెలివిజనులో చూపే హక్కు ఎవరిదన్న తగాదా అది. తగాదా అల్పమైనదే, కాని తీర్పు గొప్పది. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు తేల్చింది. అందులో మన తెలుగువాడు, న్యాయమూర్తి బి. పి. జీవన్ రెడ్డి, విడిగా రాసిన భాగం మన విద్యార్థులందరూ చదవాలి. ప్రసారాలమీద ప్రభుత్వ పెత్తనమంటే ఆచరణలో అధికారంలో వున్న పార్టీ పెత్తనమేననీ, అంతమాత్రాన డబ్బున్న ప్రైవేటువాళ్ళకు అప్పగించటం మందు కాదనీ, రెంటికీ భిన్నమైన ప్రజాసంస్థ కావాలనీ ఆయన వాదించాడు. కజిన్సు కథలోని రెండు ముళ్ళనూ ఆయన చట్టపు భాషలో పట్టుకున్నాడన్నమాట. ఆ తీర్పులో జనానికి గుర్తున్నది మాత్రం క్రికెట్టే.

ఇక మా ప్రాంతానికి తిరిగివస్తాను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా దక్షిణానికి పోతే కుప్పం. 2002 ఫిబ్రవరిలో అమెరికా కంప్యూటరు కంపెనీ హ్యూలెట్ ప్యాకర్డ్, అప్పటి రాష్ట్రప్రభుత్వంతో కలిసి అక్కడొక ప్రయోగం మొదలుపెట్టింది. దాని పేరు ‘ఐ-కమ్యూనిటీ’. అది ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కావటం కాకతాళీయమని అనుకోనక్కరలేదు. అయిదు మండలాలు, సుమారు మూడులక్షల జనం. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. దరఖాస్తులు, ధరలు, ఉద్యోగ ప్రకటనలు అక్కడ దొరుకుతాయన్నారు. పొదుపు సంఘాల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో నడిచే బ్యాటరీ సంచి ఇచ్చి పల్లె ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. ఈ చివరి పని మంచిదేనని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. తిరనాళ్ళలో, పెళ్ళిళ్ళలో ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలోపెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకున్న స్త్రీ ఆత్మగౌరవాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు.

ప్రయోగం గడువు మూడేళ్ళు. 2005లో కంపెనీ మూటముల్లె సర్దుకుంది. దీన్ని తలపెట్టిన కంపెనీ అధినేత్రి కార్లీ ఫియొరీనాను అదే ఏడాది ఫిబ్రవరిలో ఆ కంపెనీ బోర్డే పదవినుంచి దించివేసింది. రాష్ట్రంలోనూ అప్పటికే ప్రభుత్వం మారింది. ఇక్కడ నిందించటానికి వంచన ఏదీ లేదు. అసలు విషయం అదే. కంపెనీ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆ కంపెనీ అధికారిణి ఒకామె సహరచయితతో కలిసి ఈ ప్రయోగాన్ని గూర్చి రాసింది. ఇందులో ధర్మం ఒక్కటే లేదు, కంపెనీకి కొత్త మార్కెట్లూ కొత్త పాఠాలూ దొరుకుతాయని చెప్పింది. అంటే కుప్పం వాళ్ళకు ప్రయోగశాల, మనకు ఇల్లు. ప్రయోగశాలకు గడువుంటుంది, ఇంటికి వుండదు. కుప్పం ప్రజలు ఆ కేంద్రాల యజమానులైవుంటే, కాలిఫోర్నియాలో ఒకరి ఉద్యోగం వూడటానికీ పల్లెలో ఒక కేంద్రం భవితవ్యానికీ సంబంధమే వుండేది కాదు.

పదేళ్ళకు రాష్ట్రప్రభుత్వమే రంగంలోకి దిగింది. 2015లో ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. నేలను తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజుతీగను లాగారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను అన్నారు. ఇది తేలికగా కొట్టిపారెయ్యవలసిన పని కాదు. కరెంటు స్తంభం ప్రజల ఆస్తి; దాని మీద ఇంకొక ప్రజాసేవను మొయ్యటం తెలివైన పని. లాభసాటి కాదని ప్రైవేటు కంపెనీ వెళ్ళని పల్లెకు వెళ్ళటమే ప్రజారంగం చెయ్యవలసింది. కాని ఆ సంస్థ చరిత్ర చూడండి. 2021లో ఒక ప్రభుత్వం అంతకుముందరి ప్రభుత్వం ఇచ్చిన టెండర్ల మీద కేసు పెట్టింది. 2024 డిసెంబరులో తరువాతి ప్రభుత్వం, అంతకుముందు అక్రమంగా చేర్చుకున్నారంటూ 410 మందిని పనిలోనుంచి తీసేసింది. ఎవరి ఆరోపణ ఎంత నిజమో నేను తేల్చబోవటం లేదు. పార్టీ మారినప్పుడల్లా చేతులు మారే ఆస్తిని ప్రజల ఆస్తి అనగలమా? జీవన్ రెడ్డి భయపడింది దీనికే.

ఇంతకూ ఆ తీగ ఎక్కడికి పోతుంది? స్తంభం మనది, తీగ మనది. తీగ చివర వున్న ఇల్లు మాత్రం పరాయిది. 2025 జనవరి 30న రాష్ట్రప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాపు ద్వారా 161 ప్రభుత్వ సేవలను అందించటం ప్రారంభించింది. దానికి మూడునెలల ముందు వాట్సాపు యజమాని మెటా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. రైతు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పితే ఎవరికి సంతోషం కాదు? బంట్రోతుకు మామూలివ్వకుండా కాగితం చేతికొస్తే నేనూ సంతోషిస్తాను. కాని జరిగినదాన్ని దాని అసలు పేరుతో పిలవాలి. ఒక రాష్ట్రం తన కచేరీ గుమ్మాన్ని ఒక పరదేశపు కంపెనీ ఇంట్లో కట్టుకుంది. ఆ కంపెనీలో సగానికి మించిన ఓటుబలం ఒకే ఒక్క మనిషిది. జమీందారీలు రద్దయ్యాయని పుంగనూరు సంస్థానపు పక్కన పెరిగిన మేము ఎంతో సంబరపడ్డాం!

2021 అక్టోబరు 4 రాత్రి, మన గడియారం ప్రకారం తొమ్మిది దాటాక, ఆ కంపెనీ సొంత యంత్రాంగంలో మరమ్మతు చేస్తూ ఇచ్చిన ఒక తప్పు ఆజ్ఞవల్ల ఫేస్‌బుక్కు, వాట్సాపు, ఇన్‌స్టాగ్రాము మూడూ ప్రపంచమంతటా ఆరుగంటల దాకా ఆగిపోయాయి. వాళ్ళ ఉద్యోగులకు తమ ఆఫీసు తలుపులు తెరవటం కూడా కష్టమయిందట. అంగన్‌వాడీ టీచరు పని మానితే చట్టం వుంది. కోట్లమంది మాట ఒక రాత్రి ఆగిపోతే ఆ కంపెనీ మన దేశంలో ఏ శాసనసభకూ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. ఎక్సు సంగతి ఇంకా సూటిగా వుంది. 2022 అక్టోబరులో ఒక కోటీశ్వరుడు ట్విట్టరును 4,400 కోట్ల డాలర్లకు కొన్నాడు. రెండు వారాలు తిరక్కుండా ఉద్యోగుల్లో సుమారు సగంమందిని తీసేశాడు. తరువాత దాని పేరు మార్చాడు. పత్రికాధిపతి మంచిచెడ్డల మీద రచయిత బతుకు ఆధారపడిన 1916 నాటి స్థితి ఇదే. కాకపోతే ఇప్పుడు అందరూ కజిన్సులే.

ఇప్పుడు రెండో ముడి. ఆ కుర్రవాడి భయం వూహ కాదు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టటాన్ని వ్యతిరేకిస్తూ అల్లర్లు జరిగాయి. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబెట్టారు. వెంటనే ప్రభుత్వం ఇంటర్నెట్టును ఆపింది, రోజుల తరబడి ఆపింది. ఇంటినుంచే పనిచేసుకునే కుర్రకారు సిగ్నలు దొరికే చోటుకోసం గోదావరి గట్లు పట్టుకు తిరిగారు. ఇందులో చిక్కుంది, దాన్ని దాటవెయ్యకూడదు. ఆ రోజుల్లో కులోన్మాదం ఫోనులోనే పాకింది. దళితుల ప్రాణమానాలకు ముప్పు వచ్చినప్పుడు భావస్వాతంత్ర్యం పేరుతో చేతులు ముడుచుకు కూర్చోమనటం మన వాదం కాజాలదు. అయితే చేసిందేమిటి? విషం చల్లినవాడికీ, దాన్ని ఎదిరించేవాడికీ, రోగికీ, కూలికీ ఒకే స్విచ్చి. ఆ అధికారానికి మూలం 1885 నాటి తంతిచట్టం. 1857 తిరుగుబాటులో తంతి తీగల విలువ కళ్ళారా చూసిన సర్కారు రాసుకున్న చట్టమది. తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. తంతిని ఆపే అధికారం మాత్రం బతికేవుంది. 2023 చట్టంలోకి అది భద్రంగా బదిలీ అయింది.

కాబట్టి ప్రజాయాజమాన్యమంటే ఆ స్విచ్చిని కంపెనీ గదిలోనుంచి సెక్రటేరియట్ గదిలోకి మార్చటం కాదు. మరి ఏమిటి? రెండు నమూనాలు మన తెలుగునాటే వున్నాయి.

ఒకటి మాచునూరు. జహీరాబాదు ప్రాంతంలో చదువురాని పేద దళిత స్త్రీల సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో తమ రేడియో తామే కట్టుకున్నారు. స్టూడియో సిద్ధమై ఏళ్ళు గడిచినా లైసెన్సు రాలేదు. చట్టం ఒప్పుకునేదాకా క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2006 చివర విధానం మారింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వెళ్ళింది. విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగలు, వైద్యం, వాళ్ళ భాషలో, వాళ్ళ యాసలో. కాని ఆ రేడియో కొద్ది మైళ్ళకు మించి వినబడకూడదన్నారు, సొంతంగా వార్తలు చెప్పకూడదన్నారు. అక్షరం రాని స్త్రీ విత్తనం గూర్చి మాట్లాడవచ్చు, ఆ విత్తనం ధర నిర్ణయించిన మంత్రి గూర్చి మాట్లాడరాదు!

రెండోది ఇంకా పాతది: గ్రంథాలయం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మొదలు ఈ ఉద్యమం తెలుగువాళ్ళ సొంత కష్టం. 1948లో మద్రాసులో, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టాలు వచ్చాయి. ఆ చట్టంలోని నిర్మాణం గమనించండి. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ. అది ప్రభుత్వశాఖ కాదు, వ్యాపారమూ కాదు. దానికి సొంత ఆదాయం: ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల సుంకం. చదివేవాడి ముఖాన ప్రకటన అతికించనక్కరలేదు, వాడు ఏ పుస్తకం తీశాడో అంగడిలో అమ్మనక్కరలేదు. సామాజిక మాధ్యమానికి ఇటువంటి కట్టడం ఎందుకు కుదరదు? వాడుకునేవారూ, అందులో పనిచేసేవారూ ఎన్నుకున్న పాలకవర్గం. మంత్రి చేతికి అందని నిధి. ఏ మాటను తీసేసినా కారణం రాసియిచ్చి అప్పీలుకు వీలిచ్చే నియమం. ఒక సంస్థ నచ్చకపోతే మన మిత్రబృందంతో, మన ఉత్తరాలతోసహా ఇంకొకదానికి మారే హక్కు కూడా వుండాలి. ఇదంతా సాంకేతికంగా అసాధ్యమనేవాళ్ళు, ఒక తపాలాపెట్టెలో వేసిన ఉత్తరం ప్రపంచంలో ఏ దేశానికైనా చేరుతుందన్న సంగతి మరిచిపోతున్నారు. వేరువేరు ప్రభుత్వాల తపాలాశాఖలు 1874లోనే బెర్నులో కూర్చుని ఆ ఏర్పాటు చేసుకున్నాయి.

గ్రంథాలయాలే బాగుపడలేదు గదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. వసూలయిన సుంకాన్ని పంచాయతీలు, మునిసిపాలిటీలు సంస్థలకు జమచెయ్యవన్న ఫిర్యాదు నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచి వింటూనే వున్నాను. అధ్యక్షపదవులు పాలకపక్షంవారికి పందేరమవుతున్నాయి. అంటే చట్టంలో మంచి కట్టడం వున్నా, దాన్ని కాపాడుకునే ప్రజల వొత్తిడి లేకపోతే మొదటి చెదలు పాలకపక్షం రూపంలోనే పడుతుంది. ములకలచెరువు కుర్రవాడికి అప్పుడు నేను ఈ సంగతి చెప్పలేకపోయాను. మొన్న అతను మళ్ళీ కనబడ్డాడు. వాళ్ళ ఇంటిపన్ను రసీదు తీసి చూడమన్నాను. ఫోనులోనే తీసి చూపించాడు. ఇంటిపన్ను కింద గ్రంథాలయ సుంకం అని ఒక వరస, దాని ఎదురుగా కొన్ని రూపాయలు. “ఇది ఎవరికి పోతుంది సార్?” అని అడిగాడు. మీ వూళ్ళో గ్రంథాలయానికి వెళ్ళి అడుగు, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు అన్నాను. పెట్టాడట, ఇంకా జవాబు రాలేదు.